ఊఁ రాని మధ్యాహ్నం

అమ్మమ్మని ఆఫీసులో అందరూ గేటమ్మ అంటారు. అలాగని ఆమె గేటు దగ్గర నిలబడదు, కర్ర పట్టుకోదు, ఈల వేయదు. ఊరంతటికీ మంచినీళ్ళు పంపే ఆఫీసులో, మేడ మీద, కిటికీ రెక్క సరిగా పడని ఒక గదిలో కూర్చుంటుంది. అక్కడి కంప్యూటర్లలోకి బయటినుంచి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో రూల్స్ రాస్తుంది. చేరింది టైపిస్టుగా. యంత్రాలు ముసలివై మూలుగుతుంటే వాటి మొహం చూసే నాథుడు లేకపోయాడు. పోనీలే పాపం అని ఒకసారి దగ్గరకి వెళ్ళింది, వెళ్ళిన పాపానికి అక్కడే ఇరుక్కుపోయింది.

కంప్యూటర్ల మధ్య మాట ఒక్క ముద్దగా రాదు. ముక్కలు ముక్కలుగా, పొట్లాలు కట్టుకుని వస్తుంది. ఆ పొట్లాలనే ప్యాకెట్లంటారు. ప్రతి ప్యాకెట్ మీదా ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి పోవాలో, ఏ తలుపు తట్టాలో రాసి ఉంటుంది. గుమ్మంలో కూర్చున్న ఫైర్‌వాల్ ఆ రాత చదివి, తనకిచ్చిన రూల్స్‌తో సరిచూసుకుని, లోపలికి వదులుతుంది, లేదా ఆపుతుంది. పొట్లం విప్పి లోపలేముందో చూడదు. చదువుకున్నవాళ్ళు ఇదే సంగతి ఇంకాస్త కష్టపడి చెబుతారు. అమ్మమ్మ మనవలకి మాత్రం ఇంతే చెప్పింది, ఇంతకన్నా వాళ్ళ బుర్రకి ఎక్కదని ఆమెకి తెలుసు.

ఆపడంలో మళ్ళీ రెండు రకాలున్నాయట. రానివ్వం అని జవాబు చెప్పి పంపేయడం ఒకటి. ఏమీ అనకుండా ఆ ప్యాకెట్‌ని అవతల పారేయడం ఇంకొకటి. అమ్మమ్మ ఎప్పుడూ రెండోదానివైపే. తలుపు కొట్టిన దొంగకి "ఇంట్లోనే ఉన్నాను, తీయను" అని చెప్పే తెలివితక్కువవాళ్ళు ఎవరైనా ఉంటారా అనేది. ఊరుకోవాలి. కాసేపు కొట్టి, ఇది ఎవరూ లేని కొంప అనుకుని వాడే పోతాడు.

ఇంట్లో తాతయ్యతో కూడా ఆమెది ఇంచుమించు ఇదే పద్ధతి.

తాతయ్య బస్సు కండక్టరు. ఆయన నోరు మూతపడేది టిక్కెట్టు చింపడానికి వేలు తడుపుకునేటప్పుడు మాత్రమేనని డిపోలో చెప్పుకునేవారు. బస్సెక్కిన ప్రతివాడి కథా ఆయనకి కావాలి, విన్న ప్రతి కథా ఇంటికి తెచ్చి చెప్పాలి. అమ్మమ్మ పొయ్యి దగ్గర నిలబడి, వీపు ఇటు పెట్టి, "ఊఁ" అనేది. ఆయన చెబుతూ ఉండేవాడు, ఆమె ఊఁ కొడుతూ ఉండేది. మధ్యలో ఆయనకి అనుమానం వచ్చి పరీక్ష పెట్టేవాడు.

"ఇవాళ బస్సులోకి ఏనుగు ఎక్కింది."

"ఊఁ."

"పిల్ల ఏనుగు కదాని సగం టిక్కెట్టు కొట్టాను."

"ఊఁ. చిల్లరిచ్చారా?"

అంతే, తాతయ్య అలిగి అరుగు మీదకి వెళ్ళిపోయేవాడు. ఆ అలక టీ గ్లాసు చేతికి వచ్చేదాకా. టీ ఊదుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. నూరు మాటల్లో తొంభై అవతల పారేయాల్సినవేనని అమ్మమ్మ ఆయన ముందే అనేది. "ఆ మిగతా పదీ ఏవో చెప్పవోయ్, అవే మాట్లాడతాను" అని తాతయ్య అడిగేవాడు. ఆమె చెప్పలేకపోయేది. ఏవి ఉంచుకోదగ్గవో తెలియాలంటే అన్నీ వినాలి కదా.

అలాంటి తాతయ్యకి గొంతులో పుండు లేచి, ఆపరేషను చేసి, దానితోపాటు స్వరాన్నీ తీసేశారు. ఇంటికి తీసుకొచ్చాక తాతయ్య అలవాటుకొద్దీ నోరు తెరిచేవాడు, గాలి మాత్రం వచ్చేది. సైగలు చేస్తే అమ్మమ్మకి ఒక్కటీ అర్థమయ్యేది కాదు. నీళ్ళు అడిగితే దిండు తెచ్చేది, దిండు అడిగితే కిటికీ మూసేది. పలక ఇస్తే, ఒక్క మాట రాసి చెరిపే ఓపిక ఆ మనిషికెక్కడిది? విసిరికొట్టాడు. ఫోను ఇస్తే అందులో చీమల్లాంటి అక్షరాలు కళ్ళకి ఆనలేదు.

అప్పుడు అమ్మమ్మ ఒక పెట్టె తయారుచేసింది. ఆఫీసులో మూల పడేసిన పెద్దమీటల కీబోర్డు, అరచేయంత స్క్రీను, ఒక పచ్చదీపం. ఆయన ఒక వాక్యం కొట్టి పెద్దమీట నొక్కితే, అది ఇంట్లో వెనక గదిలో అలమర మీదున్న పాత కంప్యూటర్‌కి పోతుంది. అక్కడినుంచి అమ్మమ్మ ఫోనుకీ, వాళ్ళమ్మాయి ఫోనుకీ వస్తుంది. వాక్యం బయటికి పోగానే దీపం వెలుగుతుంది, స్క్రీను ఖాళీ అయిపోతుంది. పెట్టెలో ఏదీ మిగలదు, ఇంటి కంప్యూటర్‌లోనూ మిగలదు. కాస్త దాచిపెడితే బాగుండేదేమో అని కూతురు అంది. "మీ నాన్న మాటలు దాచాలంటే గోడౌను కట్టించాలి. రేపు మళ్ళీ ఇవే చెబుతారులే" అంది అమ్మమ్మ.

పెట్టె బాగానే పనిచేసింది కానీ తాతయ్య రెండుపూటలకే అలిగాడు. తను కొట్టిన మాట ఎవరైనా విన్నారో లేదో తెలియడం లేదట. ఆ ఖాళీ స్క్రీను వైపు చూస్తుంటే గోడతో మాట్లాడినట్టుందట. అమ్మమ్మ ఆలోచించింది. ఇంటి కంప్యూటర్‌కి ఇంకో పని చెప్పింది. ఆయన వాక్యం అందిన వెంటనే అది తిరిగి ఒక్క మాట పంపుతుంది, పెట్టె స్క్రీను మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది: ఊఁ.

తాతయ్య కడుపుబ్బ నవ్వాడు, చప్పుడు లేకుండా. తరవాత వాక్యం కొట్టాడు: "ఏమోయ్, నీకన్నా ఇదే నయం. చెప్పీచెప్పకముందే ఊఁ అంటోంది."

తరవాత కొన్నాళ్ళకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయన ఆసుపత్రిలో పడ్డాడు. సాయంత్రం తప్ప మనుషుల్ని ఉండనివ్వని వార్డు. పెట్టెని మాత్రం ఉండనిచ్చారు. పొద్దస్తమానం అక్కడినుంచి వాక్యాలు వచ్చేవి. పక్కమంచం ఆయన గురక గురించి, పైన తిరగని ఫ్యాను గురించి, నర్సమ్మకి పెళ్ళి సంబంధం చూస్తున్న సంగతి గురించి. అమ్మమ్మ ఆఫీసులో పనిచేసుకుంటూ, ఫోను కుయ్యిమన్నప్పుడల్లా ఓ కన్ను పడేసేది. సగం చదివేది. ఊఁ కొట్టే పని కంప్యూటరు చూసుకుంటోంది కదా అని నిశ్చింతగా ఉండేది.

ఆసుపత్రినుంచి వచ్చే ప్యాకెట్ల మీద ఏ అడ్రసు ఉంటుందో మొదట తెలియక, ఇంటి కంప్యూటర్‌లో తాతయ్య మాటలు వచ్చే ఆ ఒక్క తలుపునీ ఆమె అందరికీ తెరిచే పెట్టింది. లోకంలో తెరిచిన తలుపు కనిపెట్టడానికే పుట్టినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో ఎవడో కనిపెట్టాడు. ఒకరోజు తాతయ్య పేరుతో అమ్మాయి ఫోనుకి ఒక వాక్యం వచ్చింది: మా నూనె వాడండి, బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలుస్తుంది. తాతయ్య తల నున్నటి గుమ్మడికాయ. కూతురు నవ్వాపుకోలేక వాళ్ళమ్మకి ఫోను చేసింది. సాయంత్రం ఈ సంగతి చెబితే తాతయ్య తల నిమురుకుని, "ఓ సీసా తెప్పించు" అని కొట్టాడు. అమ్మమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఊరి నీళ్ళ గేటు కాసే మనిషి ఇంట్లోనే దొంగలు పడ్డారు. పక్కసీటు అకౌంటెంటుకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?

ఆయనకి తెలియనే తెలిసింది, ఎలా తెలిసిందో మరి. "గేటమ్మగారూ, ఇంటి గేటుకి గొళ్ళెం లేదటగా" అని టీ తాగినప్పుడల్లా పలకరించడం మొదలుపెట్టాడు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున అమ్మమ్మ ఆఫీసు గేటుకి రూల్స్ కొత్తగా రాసి పూర్తిచేసింది. భోజనాల వేళకి ఆసుపత్రి కంప్యూటర్లు చూసే అతను ఫోను చేసి, వాళ్ళ అడ్రసు ఇదీ అని చెప్పాడు. ఇంటికి వెళ్ళాక తీరిగ్గా చేద్దామనుకుంది. ఇంతలో కూతురు ఫోను. ఈసారి నవ్వడం లేదు. తాతయ్య పేరుతో ఏదో బూతు వచ్చిందట. ఫోను అల్లుడి చేతిలో ఉండగా వచ్చిందట.

"అమ్మా, ఆయన చదివి, ఏమీ అనకుండా ఫోను నా చేతికిచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇదేదో ఆపు ముందు."

అమ్మమ్మ టిఫిను డబ్బా మూతపెట్టి, ఆఫీసు కంప్యూటర్‌నుంచే ఇంటి కంప్యూటర్‌లోకి వెళ్ళింది. రూల్స్ రాసింది. మొదట అందర్నీ ఆపేయమని. దాని కింద, ఆసుపత్రి అడ్రసునుంచి వచ్చేవి వదలమని. ఇంకా కింద, తన ఆఫీసునుంచి వచ్చేవి వదలమని. ఒకసారి చదువుకుంది. బాగుంది. పొద్దున్న ఆఫీసుకి రాసినదీ ఇదే వరస. మీట నొక్కింది.

స్క్రీను బిగుసుకుపోయింది. అక్షరాలు కొడితే పడటం లేదు.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తను చేసిన పనేమిటో అప్పటికే తెలిసిపోయింది.

ఆఫీసు గేటు యంత్రం రూల్స్‌ని పైనుంచి కిందదాకా మొత్తం చదువుతుంది. ఆఖరున సరిపోయినదాన్నే పట్టించుకుంటుంది. అందుకని ముందు అందర్నీ ఆపమని రాసి, కిందకి వస్తూ మినహాయింపులు రాయాలి. ఇంటి కంప్యూటరు వేరే జాతి. పైనుంచి చదువుతూ, సరిపోయిన మొదటి రూలు దగ్గరే ఆగిపోతుంది. కిందవాటి మొహం చూడదు. దానికి ముందు వదలాల్సినవాళ్ళ పేర్లు చెప్పి, చివర్న మిగతావాళ్ళని ఆపమనాలి. రెంటికీ ఉన్న ఈ తేడాని అమ్మమ్మ ఎంతమందికో నేర్పింది. పొద్దుటి పని చేతివేళ్ళలో ఇంకా ఆరలేదు, అంతే. ఇంటి కంప్యూటరు మొదటి మాట విన్నది: అందర్నీ ఆపు. దొంగనీ ఆపింది, తాతయ్యనీ ఆపింది, అమ్మమ్మనీ ఆపింది.

దూరంనుంచి రూల్స్ మార్చేటప్పుడు ఆమె నడుముకి తాడు కట్టుకుని బావిలోకి దిగేది. అంటే, కాసేపట్లో తను వచ్చి కాదనకపోతే పాత రూల్సే మళ్ళీ పెట్టేయమని ముందే కంప్యూటర్‌కి చెప్పి ఉంచేది. ఎప్పుడూ మరిచిపోలేదు. ఇవాళా మరిచిపోలేదు. ఇంటిపనికి అంత తతంగం ఎందుకులే అనుకుంది.

అకౌంటెంటు వచ్చి ఆమె మొహం చూసి, తెచ్చిన టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వార్డుకి ఫోను చేసింది. నర్సు ఎత్తింది. బాగానే ఉన్నారమ్మా, కూర్చుని టైపు కొట్టుకుంటున్నారు, ఇవాళ మరీ హుషారుగా ఉన్నారు అని చెప్పింది. అమ్మమ్మకి కాస్త ఊపిరి వచ్చింది. కొట్టుకోనీ. ఏం కొడతాడు, ఫ్యాను తిరగడం లేదనేగా. పైవాళ్ళకి తలనొప్పి అని చెప్పి బయటపడింది.

బస్సు దిగి మారాల్సిన స్టాపులో రెండు బస్సులు వస్తాయి. ఒకటి ఇంటివైపు, ఒకటి ఆసుపత్రివైపు. ఏ బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో కండక్టరు పెళ్ళానికి ఒకరు చెప్పాలా? ఆసుపత్రి బస్సే ముందు వచ్చింది. ఖాళీగా కూడా ఉంది. బతిమాలితే నర్సు ఒక్క నిమిషం లోపలికి వదిలేది కూడా. ఎక్కలేదు. ముందు ఇంటికి వెళ్ళి తలుపు తీస్తే, ఆయన మాటలు ఆయన చెప్పుకుంటాడు. సాయంత్రం ఎలాగూ తను వెళుతుంది. ఇప్పుడు ఉత్తచేతులతో వెళ్ళి, మీ గొంతు నేనే మూసేశాను అని ఆయన మొహం మీద ఎలా చెప్పడం? ఏడిపించి చంపడూ? గేటమ్మ గేటు అని జన్మంతా అంటాడు. ఆ బస్సుని పోనిచ్చింది.

ఇంట్లో వెనక గది వేడిగా ఉంది. అలమర ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఇక్కడ కీబోర్డు తీగ నేరుగా దానికే ఉంటుంది కాబట్టి కంప్యూటరు ఆమెని ఆపలేదు. రూల్స్ చూపించమంది. ప్రతి రూలు పక్కనా, అది ఎన్ని ప్యాకెట్లని పట్టుకుందో ఒక అంకె ఉంటుంది. అందర్నీ ఆపమన్న రూలు పక్కన అంకె పెద్దగానే ఉంది. ఆమె చూస్తుండగానే ఒకటి పెరిగింది. ఆ పెరిగినదేదో నూనెవాడిదో, బూతువాడిదో, ఇంకెవరిదో. ఆ రూలుకి అందరూ ఒకటే. కింద ఆసుపత్రి రూలు పక్కన సున్నా.

"చూశావా, ఒక్కటీ నీదాకా రానివ్వలేదు" అని ఆ కింది రూలుతో గొణిగి, పాతవి తుడిచేసి, వరస మార్చి రాసి, మీట నొక్కింది. అంకెలన్నీ సున్నాలైపోయాయి. ఆ పెద్ద అంకె ఎంతో ఆమె సరిగా చదవను కూడా లేదు.

ఫోనుతో పరీక్ష చేసింది. బయటివాడిగా తడితే ఆగిపోతోంది. ఆఫీసుకి ఫోను చేసి, అకౌంటెంటు చేతే అక్కడినుంచి తట్టించింది. పోతోంది. "పడిందండీ గొళ్ళెం" అన్నాడాయన, ఈసారి ఎగతాళి లేకుండా.

ఇక తాతయ్యకి కబురు చెప్పాలి. ఆమె ఆ పెట్టెకి స్వయంగా మాట పంపింది లేదు. ఊఁ తప్ప ఆయనకి ఆమెనుంచి ఏదీ పోయేది కాదు. ఇలా కొట్టింది: "తలుపు నేనే పొరపాటున మూశాను. తీశాను. ఇప్పుడు చెప్పండి."

జవాబు రాలేదు.

అలిగాడనుకుంది. అలగడూ మరి, ఇంతసేపు ఊఁ లేకపోతే. పొయ్యి మీద టీ పెట్టింది. ఆయన అలక తీరడానికి పట్టే టైము ఆమెకి తెలుసు. టీ గ్లాసులో పోసుకుని ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. ఏనుగు సంగతి గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది.

ఫోను మోగింది. కుయ్యిమనలేదు, మోగింది. వార్డునుంచి.

నర్సు చిన్నపిల్ల. మర్నాడు పెట్టెని ఇంటికి తీసుకొచ్చి ఇచ్చింది తనే. గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రమ్మన్నా రాలేదు. అమ్మమ్మ అడగకుండానే చెప్పుకొచ్చింది. మధ్యాహ్నమంతా కొడుతూనే ఉన్నారట. కొట్టి, ఆగి, స్క్రీను వైపు చూసేవారట. మళ్ళీ కొట్టేవారట. ఒకసారి తనని చెయ్యూపి పిలిచి, ఖాళీ స్క్రీను మీద వేలితో తట్టి చూపించారట.

"దీపం వెలుగుతోంది తాతగారూ, పోతున్నాయి అని చెప్పానమ్మా. నిజంగా వెలుగుతోంది. మీరు పనిలో ఉండుంటారు, తరవాత చూసుకుంటారు అన్నాను. సరే అన్నట్టు తలూపారు. నాకు పక్కమంచం దగ్గర పని పడింది. తిరిగొచ్చేసరికి వెనక్కి వాలి ఉన్నారు."

"ఏం కొట్టారో చూశావా అమ్మా?"

నర్సు తల అడ్డంగా ఊపింది. కొట్టగానే పోతాయి కదమ్మా అంది.

అవును, పోతాయి. పెట్టె దీపానికి తెలిసింది వాక్యం బయల్దేరిందని మాత్రమే. చేరిందో లేదో దానికి తెలియదు. అలా చేసింది అమ్మమ్మే. చేరకపోతే తిరిగి పంపే ఏర్పాటు పెట్టవచ్చు, అనవసరపు బరువని పెట్టలేదు. రానివ్వం అని జవాబైనా చెప్పే రూలు రాయవచ్చు, రాయలేదు. రాసి ఉంటే తలుపు మూసుందని ఆయనకి తెలిసేది. పెట్టెదే తప్పనుకుని, తిట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడు తెలిసిందల్లా, అవతల మనిషి ఉండి కూడా ఊఁ అనలేదని.

పెట్టె మీట నొక్కి చూస్తే స్క్రీను మీద తను పంపిన కబురు ఉంది, దాని చివర్న: ఇప్పుడు చెప్పండి. అది చేరినప్పుడు ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో నర్సు చెప్పలేకపోయింది. అమ్మమ్మ రెండోసారి అడగలేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, కూతురు కొన్నాళ్ళు ఉండిపోయింది. తాతయ్య చొక్కాలు మడతపెడుతూ మంచం మీద కూర్చుని, వాళ్ళమ్మ వైపు చూడకుండా అడిగింది. ఆ రోజు నా ఫోనుకి ఒక్కటీ రాలేదు, నాన్నకి ఓపిక లేదా, ఏమీ అనలేదా అని. నీరసంగా ఉండి ఊరుకున్నారులే అంటే సరిపోయేది. కూతురు నమ్మడానికి సిద్ధంగానే ఉంది. అమ్మమ్మ గోడకి ఆనుకుని నిలబడి, రూల్స్ సంగతి మొదటినుంచి చెప్పింది. వరస తప్పడం చెప్పింది. తాడు కట్టుకోకపోవడం చెప్పింది. ఖాళీగా వచ్చిన బస్సుని ఎక్కకపోవడం కూడా చెప్పింది.

కూతురు చాలాసేపు చొక్కా గుండీలు పెడుతూ తీస్తూ ఉండిపోయింది. ఆపమని ఫోను చేసింది తనే. ఆ మాట ఇద్దరూ అనలేదు.

"అయితే ఏదో చెప్పాడన్నమాట."

"చెప్పారు. మధ్యాహ్నమంతా చెప్పారు."

"ఏం చెప్పుంటాడమ్మా? నీకు తెలియకుండా ఉంటుందా, ఇన్నేళ్ళు విన్నావు."

అక్కడే ఉంది అసలు దెబ్బ. అమ్మమ్మ అప్పటికే ప్రయత్నించి చూసింది. స్నానం చేస్తూ, కూరలు తరుగుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆయన ఏమని ఉంటాడో అనుకోవడానికి చూసింది. ఏమోయ్ అని వచ్చేది. ఆ తరవాత ఏమీ వచ్చేది కాదు. మొహం కనిపించేది, చేతులు తిప్పడం కనిపించేది, ఎదురుగా ఉన్నవాళ్ళని మధ్యమధ్యలో తట్టడం కనిపించేది. మాటలు మాత్రం లేవు. వీపు వెనకనుంచి ఇంతకాలం కురిసిన వానలో ఆమె తడిసింది లేదు.

"తెలియదే" అంది. "ఒక్క వాక్యం కూడా కట్టలేకపోతున్నాను. నేనెప్పుడూ వినలేదు."

కూతురు కళ్ళు తుడుచుకుని, వాళ్ళమ్మని ఊరడించడానికి నాన్న కథ ఒకటి తనే ఎత్తుకుంది. రోజూ బస్సెక్కి, ఆఖరి స్టాపుకి టిక్కెట్టు కొని, సగం దారిలోనే దిగిపోయే మనిషి ఒకడుండేవాడట. వర్షమైనా ఎండైనా అంతేనట. ఎందుకలా అని నాన్న ఎంతకాలమో అడగకుండా ఓర్చుకుని, ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడట. అప్పుడు ఆ మనిషి నాన్న భుజం మీద చెయ్యేసి…

"భుజం మీద చెయ్యేసి?"

కూతురు ఆగిపోయింది. నాన్న చెప్పేటప్పుడు సరిగ్గా ఇక్కడే తన ఫోను మోగింది, లేచి వెళ్ళింది, ఆ తరవాత మళ్ళీ అడగలేదు. ఆ కథ నాన్న ఎన్నిసార్లో ఎత్తుకున్నాడు, ఆఖరుదాకా ఎప్పుడైనా విన్నట్టు జ్ఞాపకం లేదు. ఇంట్లో ఇంకెవరైనా విన్నారేమోనని పిల్లల్ని పిలిచి అడిగారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆదివారం, తాతయ్యతో ఒకే బస్సులో పనిచేసిన డ్రైవరు పరామర్శకి వచ్చాడు. వయసుమీద పడి, చేతికర్ర సాయంతో మెట్లెక్కి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు కిందపెట్టకముందే అమ్మమ్మ అడిగేసింది. ఆఖరి స్టాపుకి టిక్కెట్టు కొని ముందే దిగిపోయే ఆయన ఎవరు, ఎందుకు దిగిపోయేవాడు అని.

డ్రైవరు మొహం ఒక్కసారి వెలిగింది. ఆ, ఆయనా, ఎందుకు తెలియదు అన్నాడు. ఆ వెలుగు మెల్లిగా తగ్గిపోయింది.

"నాకూ లెక్కలేనన్నిసార్లు చెప్పాడు చెల్లెమ్మా. నేను రోడ్డు చూసుకోవాలి కదా. ఇంజను మోతలో సగం వినపడేది కాదు. తలూపేవాణ్ణి. వింటున్నాననుకుని సంబరపడేవాడు."

కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియదు.

"వినపడిన సగమైనా చెప్పండి అన్నయ్యా."

డ్రైవరు కర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు చిట్లించి, ముందున్న గోడ వైపు రోడ్డు వైపు చూసినట్టు చూశాడు. ఆ మనిషి చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు ఉండేదట. గొడుగు అతనిది కాదట. అంతవరకు గట్టిగా తెలుసు.

"ఆ తరవాత పెద్ద మలుపు వచ్చేది చెల్లెమ్మా. మలుపు దగ్గర నేను ఎవరి మాటా వినను."

అమ్మమ్మ కుర్చీ లాక్కుని, ఆయన మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా జరిగి కూర్చుంది.

"మలుపుకి ముందు ఇంకేమన్నారు?" అని అడిగింది.